ఖిల్జీ కాడ సీటు దొరుకుతది

నేరేడుచర్ల బస్టాండులోకి తిరిగిన బస్సు ఒక్క ముసలాయనను దించి, ఎవరినీ ఎక్కించుకోకుండా, పోయిన తోవనే మళ్ళీ రోడ్డు మీదికి వచ్చింది. నా నోటివెంట "తుగ్లక్" అనే మాట దానంతట అదే బయటపడింది. పక్క సీటులో ఉల్లిగడ్డల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్న అవ్వ నా వైపు తిరిగింది.

"ఎవల్ని తిడుతున్నవ్ బిడ్డా?"

"ఎవర్నీ కాదవ్వా."

"తిట్టు తియ్యి. వీళ్ళు ఊకెనే లోపలికి తిప్పుతరు. టైమంత ఖరాబు."

నవ్వు రావలసిన చోటు. నాకు రాలేదు. ఈ ముచ్చట చెప్తే కడుపు పట్టుకుని నవ్వే మనిషి ఒకతి ఉండేది. ఆమె పోయి నెల కూడా కాలేదు. కిటికీ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. 

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్ళమ్మ చదవలేదు గానీ, చదివి వినిపించేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను టీచరమ్మా అనేది. కోపమొస్తే 'ఓ పంతులమ్మా' అనేది.

నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. ఆమె అదే ఊళ్ళో ఒక పెద్ద బట్టల షాపులో చీరల దగ్గర పనిచేసేది. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయ్యాక మాలాంటివాళ్ళం కోదాడలో కిరాయి గదులు ఖాళీ చేసి ఇళ్ళ నుంచే తిరగడం మొదలుపెట్టాం. నాది మిర్యాలగూడ. ఆమె అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కి త్రిపురారం అవతల ఒక పల్లెకు పోవాలి. ఫ్రీ అయితే అయింది గానీ బస్సులో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. పొద్దంతా నిలబడి పాఠం చెప్పి, మళ్ళీ బస్సులో నిలబడేసరికి నాకు ప్రపంచం మీద విరక్తి పుట్టేది. అట్లాంటి విరక్తిలో ఉన్న ఒక సాయంత్రమే ఆమెను మొదటిసారి గమనించాను.

సన్నగా పొడుగ్గా ఉండేది. షాపు వాళ్ళిచ్చిన యూనిఫాం చీర, దాని నుంచి కొత్త బట్టల గంజి వాసన. కమ్మీకి ఆనుకోకుండా నిటారుగా నిలబడి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ, కొంగు చివర పట్టుకుని మడతలు పెడుతోంది. ఒక్కో మాటకు ఒక్కో మడత. మడతలు అయిపోతే ఒక్క విదిలింపుతో విప్పేసి మళ్ళీ మొదలు. ఏదో దేవుడి జపం అనుకున్నాను. హుజూర్‌నగర్‌లో జనం బిలబిలా దిగారు. నాకు సీటు దొరికింది, నా పక్క సీటూ ఖాళీ అయింది. ఆమె దబ్బున కూలబడి, చెప్పులు విడిచి, "అబ్బా... ఖిల్జీ" అంది.

"ఏంటండీ?" అన్నాను.

"ఖిల్జీ వచ్చింది గదా. ఖిల్జీ కాడ సీటు దొరుకుతది."

పిచ్చిదేమో అని కొంచెం జరిగి కూర్చున్నాను. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు చెప్పి నన్ను ఏడిపించిందో!

ఆమె చదివేది గ్రూప్స్‌కు. చరిత్ర అంటే ఆమెకు గుండె దడ. రాజులు గుర్తుంటే వంశాలు గుర్తుండవు, వంశాలు గుర్తుంటే వరుస గుర్తుండదు. కోచింగులో బండగుర్తులు చెప్తారట, మొదటి అక్షరాలు కలిపి ఒక పిచ్చి మాట చేసి బట్టీ పట్టమంటారట. ఆ పిచ్చి మాటే ఆమె మర్చిపోయేది. అందుకని తన బండగుర్తులు తనే చేసుకుంది.

"కోదాడల బస్సెక్కుతమా, గది బానిస వంశం. ఎందుకంటవ్? పొద్దందాక నిలవడి నౌకరి జేసేది గాడనే గదా. హుజూర్‌నగర్ అంటే మార్కెట్టు. మార్కెట్ల ధరలు కట్టడి జేసినోడెవడు? అల్లావుద్దీన్. గది ఖిల్జీ. నేరేడుచర్లల బస్సు లోపటికి పోయి, మల్ల పోయిన తొవ్వనే బయటికొస్తది. ఢిల్లీల ఉన్న రాజధానిని దౌలతాబాద్ తీస్కపోయి మల్ల ఢిల్లీకే తెచ్చిండు సూడు, వాడే తుగ్లక్. అటెనుక పచ్చ జెండా దర్గా కనవడ్డదా, సయ్యద్. ఇగ మిర్యాలగూడ. మిల్లుల కాడ లారీలు నిలవడుతయి. వాటికేం జేస్తరు?"

"ఏం చేస్తారు?"

"లోడు జేస్తరే! లోడీ!"

"మరి మొగలులు?"

"త్రిపురారం బస్సెక్కెటప్పుడు సూడు సీట్ల కోసం ఎట్ల కొట్టుకుంటమో. గది పానిపట్టు. అది గెలిస్తే బాబరు. ఇంటికి పోయేదాక మొగలులే."

నాకు చరిత్ర అంటే చిన్నప్పటి నుంచీ తలనొప్పి. చచ్చినవాళ్ళు ఏ యేడు చచ్చారో నాకెందుకు అనేదాన్ని. కానీ ఆమె నన్ను వదిలితేగా! షాపు కవరులో చుట్టిన గైడు నా ఒళ్ళో పడేసి "అడుగు" అనేది. నేను ఆవలిస్తూ అడిగేదాన్ని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ జవాబు చెప్పేది. రాజుల పేర్లు రోడ్డు మీద రాసి ఉన్నట్టే చూసేది. కొద్దిరోజులకు నాకు తెలియకుండానే నాకూ అన్నీ వచ్చేశాయి. ఇప్పుడు ఈ రోడ్డు మీద నేను ఏ ఊరునూ ఆ ఊరి పేరుతో తలుచుకోలేను. అది ఆమె నాకు చేసిపోయిన ఘనకార్యం.

పొద్దున కోదాడకు వచ్చేటప్పుడు మాత్రం పుస్తకం ముట్టేది కాదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. "చదువుకోరాదా అక్కా, సీటు దొరికింది కదా" అంటే, "పొద్దుగాల చరిత్ర ఉల్టా ఉంటదే. ఇంటికి పోయేటప్పుడే సక్కగుంటది" అనేది. అప్పుడు అది కూడా నవ్వులాటే.

భారత చరిత్ర బస్సులో ఉంటే ప్రపంచ చరిత్ర షాపులో ఉండేది. కింద లైనింగు గుడ్డల కౌంటరు పేరు ఎల్బా. పైన ఫ్యాను కూడా లేని గోదాము పేరు సెయింట్ హెలీనా. చిన్న తప్పు చేసినవాళ్ళను లైనింగు కౌంటరుకు, పెద్ద తప్పు చేసినవాళ్ళను గోదాముకు పంపేవారు. "నెపోలియన్‌ను ముందుగాల ఎల్బాకు తోలిండ్రు. వాపస్ వచ్చిండు. రెండోసారి హెలీనాకు తోలిండ్రు. ఇగ రాలే," అని చెప్పేది. ఆమె రెండుసార్లు గోదాముకు పోయి వచ్చింది. "నెపోలియన్ కన్న నేనే నయం" అని గొప్పలు పోయేది.

గోదాముకు పోవడానికి చేసిన తప్పేమిటో తెలుసా? కూర్చోవడం.

ఆ షాపులో పనిచేసే ఆడపిల్లలు కూర్చోకూడదు. గిరాకీ ఉన్నా లేకున్నా నిలబడే ఉండాలి. ఒకసారి నేను చీర కొనడానికి పోతే కళ్ళారా చూశాను. మిట్టమధ్యాహ్నం, షాపులో నేను తప్ప పురుగు లేదు. ర్యాకుల ముందు వరసగా ఆడపిల్లలు, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ. ఓనరు చెడ్డవాడేం కాదు, అందరికీ తన చేత్తో టీ అందిస్తున్నాడు. "వాళ్ళకు తలా ఒక స్టూలు వేయించవచ్చు కదండీ" అన్నాను, నోరు ఊరుకోక. ఆయన చాలా మర్యాదగా నవ్వాడు.

"మనం కూర్చుంటే బేరం కూడా కూర్చుంటదమ్మా. మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న మాట. మీకు తెలవంది ఏముంది?"

ఆయన మాత్రం గల్లాపెట్టె దగ్గర మెత్తటి కుర్చీలో కూర్చునే ఈ మాట చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. అక్క ర్యాకు వెనుక నుంచి 'ఊకో' అన్నట్టు కళ్ళెర్రజేసింది.

ఆమె చెప్పులు చూస్తే ఆమె బతుకు తెలిసేది. ఎప్పుడూ కాలికి పెద్దవి కొనేది. పొద్దున అవి టపటపా కొట్టుకునేవి. సాయంత్రానికి కాళ్ళు వాచి అవే చెప్పులు బిగుసుకుపోయేవి. "ఇవి సాయంత్రం కాళ్ళకు కొన్నయే" అనేది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉండేవి. వాటిని చీర కుచ్చిళ్ళతో దాచుకునేది.

"ఉద్యోగమొస్తే ఏం చేస్తవక్కా?" అని అడిగానొకసారి. జీతమనో, ఇల్లనో చెప్తుందనుకున్నాను.

"కూసుంట" అంది.

"అంతేనా?"

"అంతేనా అంటవేందే! ఈ రాజులందరు కొట్టుకున్నది దేనికనుకున్నవ్? గద్దె కోసమే గదా. నేను గుడ గద్దె కోసమే కొట్లాడుతున్న. జూనియర్ అసిస్టెంటుకు చేతులున్న కుర్సీ ఇస్తరు. రజియా సుల్తానాను సూడు. ఢిల్లీ గద్దె మీద కూసున్న ఆడది గామె ఒక్కతే. అది గుడ ఎక్కువ రోజులు కూసోనియ్యలే, ఓర్వలే."

కుతుబుద్దీన్ అంటే కూడా ఆమెకు ఇష్టం. బానిసగా ఉండి సుల్తాను అయినవాడు. ఆయన గద్దెనెక్కిన నాలుగేళ్ళకే గుర్రం మీద నుంచి పడి చచ్చిపోయాడని గైడులో ఉన్న వాక్యం నేను చదివితే మాత్రం, "అది అడుగరు తియ్యి, ముంగటికి పో" అని పేజీ తిప్పేసేది.

దరఖాస్తుకు కుల సర్టిఫికెట్ కావలసి వచ్చినప్పుడు నన్ను తోడు తీసుకుపోయింది. మిర్యాలగూడలో ఒక ఆఫీసు. లోపల ఒక బల్ల, బల్ల వెనుక చేతులున్న కుర్చీ, కుర్చీ వీపు మీద తెల్లటి టవలు. మా కాగితం తీసుకున్న ఆయన "ఇప్పుడే వస్త, జర నిలవడుండ్రి" అని టీకి పోయాడు. అక్క ఆ ఖాళీ కుర్చీని చూస్తూ నిలబడింది. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లను చూసినట్టు పై నుంచి కింద దాకా చూసింది.

"టవలు సుత ఏసుకున్నడే" అంది గొంతు తగ్గించి.

"ఎవరూ లేరు. ఒక్కసారి కూర్చో" అన్నాను.

"ఛీ, పరాయి గద్దె. రాసి ఎక్కాలె."

అని, బల్ల మీద వేలితో దుమ్ము తుడిచింది.  ఆ నోటిఫికేషనే ఆమెకు ఆఖరుది. దాని తర్వాత వయసు దాటిపోతుంది. అందుకే ఆ ఏడాది ఆమె నవ్వులో కూడా ఒక వణుకు ఉండేది.

పరీక్ష సెంటరు కోదాడలోనే పడింది. ఆదివారం. తోడు రమ్మంటే పోయాను. పొద్దున మిర్యాలగూడలో బస్సెక్కాం. రోజూ నిద్రపోయే మనిషి ఆ రోజు కళ్ళు మూయలేదు. కిటికీ పట్టుకుని దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. కొంగు మడత పడుతోంది. మాట్లాడిస్తే చదివింది పోతుందేమో అని నేనూ నోరు మూసుకున్నాను. కోదాడలో దిగి, గేటు ముందు చెప్పులు సవరించుకుని లోపలికి పోయింది. నేను ఎదురుగా ఉన్న జ్యూస్ బండి దగ్గర ఎండలో కూలబడ్డాను.

బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాలి! పెళ్ళికూతురు కూడా అంత వెలగదు.

"ఈసారి పక్కానే టీచరమ్మా! హిస్టరీ అంత నా బస్సుల కెళ్ళే వచ్చింది. పైసలిచ్చి రాయించుకున్నట్టు వచ్చింది."

"ఇంకేం, కుర్చీకి టవలు కొందామా?"

"తెల్లది. నేనే కొనుక్కుంట. మా షాపులనే."

నాకు బలవంతంగా చెరకురసం తాగించింది. ఆదివారం కదా, బస్సు ఖాళీ. కోదాడలోనే సీటు దొరికింది. "సూసినవా, బానిస వంశంలనే సీటు దొరికింది. రోజులు మారినయి" అని నవ్వింది. బస్సు కదిలింది. "బానిస" అని ఒక మడత పెట్టింది. "పరీక్ష అయిపోయింది తల్లీ, ఇక చాలు" అని నేను మొత్తుకున్నాను. వినలేదు. హుజూర్‌నగర్ వచ్చింది. "ఖిల్జీ" అని రెండో మడత పెట్టింది.

అక్కడ ఆగిపోయింది.

"ఏందక్కా?"

చేతిలోని మడత మెల్లగా విప్పింది. కొంగు ఒళ్ళో పరిచి, దాన్నే చూస్తూ అడిగింది.

"నేను పొద్దుగాల యాడ ఎక్కిన?"

"మిర్యాలగూడలో. ఎందుకు?"

"ఆగు." కళ్ళు మూసుకుంది. "ఢిల్లీ సుల్తానుల వంశాలు వరుసల పెట్టుమన్నడు. సూడంగనే పానం లేచొచ్చింది. కండ్లు మూసిన. బస్సు కనవడ్డది. పొద్దుగాల ఎక్కిన బస్సు. మిల్లులు, దర్గా, బస్టాండు, మార్కెట్టు, కోదాడ. ఆప్షన్లల్ల నాలుగోది నల్లగ దిద్దిన. లోడీ, సయ్యద్, తుగ్లక్, ఖిల్జీ, బానిస." కళ్ళు తెరిచింది. "ఉల్టా పెట్టిన్నే, టీచరమ్మా."

నాకు వెంటనే అర్థం కాలేదు.  నిద్రలో లేపి అడిగినా చెప్పేది ఆ వరుస. నాలాంటి మొద్దుకు నేర్పిన వరుస.

"ఒక్క మార్కే కదక్కా. మిగతావన్నీ బాగా రాశావు కదా."

"ఒక్క మార్కుల ఎంతమంది నిలవడి ఉంటరో నీకెరుకేనా? షాపుల మేం నిలవడ్డట్టు, వరుసగ."

బస్సు నేరేడుచర్లలో లోపలికి పోయింది. పోయిన తోవనే బయటికి వచ్చింది. ఆమె దాన్ని చూసి నవ్వబోయింది గానీ ముఖం సహకరించలేదు.

"వాడు రాజధానినే వాపస్ తెచ్చుకున్నడు. నేను నల్లగ దిద్దిన బుడ్డ చుక్కను తెచ్చుకోలేకపోతి."

మిర్యాలగూడలో దిగి త్రిపురారం బస్సు వైపు నడిచింది. జనం తోసుకుంటున్నారు. ఆమె తోసుకోలేదు. వెనుక నిలబడి, అందరూ ఎక్కాక ఎక్కి, మెట్ల దగ్గరే నిలబడిపోయింది. పానిపట్టులో ఆమె ఓడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఫలితాల్లో ఆమె నంబరు లేదు. ఎంతకు పోయిందో నాకు చెప్పలేదు. ఒక్క మార్కుకే పోయిందో, ఇరవైకి పోయిందో, దేవుడికెరుక. ఇరవై అయి ఉంటే బాగుండునని నేను ఇప్పటికీ కోరుకుంటాను. "ఇగ ఖతం. మల్లొక నోటిఫికేషన్ వచ్చేటాల్లకు నన్ను మ్యూజియంల పెడతరు" అని మాత్రం అంది. గైడు ఏమైందో తెలియదు. కవరు మాత్రం కనిపించేది, దాంట్లో సద్దిగిన్నె పెట్టుకొచ్చేది.

తర్వాత కూడా అదే బస్సు, అదే కమ్మీ. కానీ కళ్ళు మూసుకోవడం లేదు, మడతలు లేవు. ఒకరోజు హుజూర్‌నగర్‌లో జనం దిగితే, ఆమెను ఎట్లాగైనా నవ్వించాలని, "అక్కా, ఖిల్జీ వచ్చింది, కూర్చో" అన్నాను.

"హుజూర్‌నగర్ అను" అంది.

కోపంగా అనలేదు. పిల్లలు తప్పు చదివితే నేను సరిదిద్దినట్టు అంది. 

వానాకాలం నాట్లప్పుడు ఆమె ఎడమ పిక్క మీద పుండు పడింది. మానలేదు. కాలు స్తంభంలా వాచింది. "దవాఖానకు పో అక్కా" అని నేను మొత్తుకుంటే, "పండుగల సీజన్, సెలవియ్యరు" అనేది. కాలికి గుడ్డ కట్టుకుని, ఇంకా పెద్ద చెప్పులు కొనుక్కుని వచ్చేది. ఆ తర్వాత కొన్నాళ్ళు బస్సులో కనిపించలేదు. ఫోను చేస్తే వాళ్ళమ్మ ఎత్తింది. సూర్యాపేట దవాఖానలో ఉందని చెప్పింది.

పోయాను. మంచం మీద పడుకోబెట్టి, కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టారు. మంచం పక్కన నేల మీద వాళ్ళమ్మ. నాట్లు వేసి వేసి నడుము విల్లులా వంగిపోయిన మనిషి. నన్ను చూసి లేవబోయి, లేవలేక, "వంగి వంగి నా నడుము పాయె, నిలవడి నిలవడి దాని కాళ్ళు పాయె. మా ఇంట్ల సక్కగ కూసున్నోళ్ళు ఎవరు బిడ్డా?" అంది.

అక్క నన్ను చూసి నవ్వింది. ఆ పాత నవ్వు. చాలా రోజుల తర్వాత చూశాను.

"పరేషాన్ గాకు. ఇది ఎల్బానే, హెలీనా గాదు. వాపస్ వస్త."

"వస్తవ్. రాకపోతే నా పక్క సీట్లో ఎవరెవరో కూర్చుంటున్నారు."

"దిండ్లకు ఆనుకుని కూసుంటనంటే ఊకుంటలేరే. కాలు కదలొద్దంట." కాసేపు పైకప్పు చూసింది. "సూడు టీచరమ్మా, నా కథ. నిలవడుడు అయిపోయింది. ఇప్పుడు పండుడు అయితుంది. నడుమల కూసునుడే రాలే."

ఆ మాటకు నేను నవ్వాలని ఆమె చూస్తోంది. నవ్వాను. నవ్వుతూనే బయటికి వచ్చి, వరండాలో గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరో ఆయా వచ్చి "పోయిండ్రా?" అని అడిగింది. లేదన్నాను.

మూడో రోజు పోయింది. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి ఎక్కిందని చెప్పారట. బడిలో పాఠం మధ్యలో ఫోను వచ్చింది. పిల్లలకు ఏదో పద్యం చెప్తున్నాను. దాని రెండో పాదం ఎంతకూ గుర్తుకు రాలేదు. ఫోను పెట్టేసి, బెల్లు కొట్టేదాకా నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డాను.

దినాల నాడు వాళ్ళ ఊరికి పోయాను. బస్సులో త్రిపురారం దాటుతుంటే ఇదే కదా ఆమె మొగలుల రాజ్యం అనుకున్నాను. చిన్న రేకుల ఇల్లు. ఇంటి ముందు టెంటు. షాపులో పనిచేసే ఆడపిల్లలు అదే యూనిఫాం చీరల్లో వచ్చి, అలవాటు కొద్దీ వరసగా నిలబడి ఉన్నారు. కూర్చోమంటే కూర్చున్నారు. దరఖాస్తుకు తీయించుకున్న ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. దాన్ని కుర్చీలో పెట్టారు.

ఓనరు కూడా వచ్చాడు, కారులో, పూలదండ తీసుకుని. దండ వేసి, చేతులు కట్టుకుని ఫోటో ముందు నిలబడ్డాడు. ఎవరో పరుగున పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన వెనుక వేశారు. "పర్లేదులేమ్మా" అన్నాడు. ఉన్నంతసేపూ నిలబడే ఉన్నాడు. అక్క ఆయన ఎదురుగా కూర్చుని ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను, అబద్ధం చెప్పను. కానీ నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన పోయాక నేను ఫోటో దగ్గరికి పోయాను. అప్పుడు చూశాను, టెంటు కింద కుర్చీలన్నీ ప్లాస్టిక్‌వి. అక్క కుర్చీ ఒక్కటే కర్రది, మెత్త ఉన్నది, చేతులున్నది. ఊళ్ళో ఎవరింటి నుంచో మోసుకొచ్చినట్టున్నారు. దాని వీపు మీద తెల్లటి టవలు వేసి ఉంది. వాళ్ళమ్మ వంగిన నడుముతోనే వచ్చి నా పక్కన నిలబడింది.

"చేతులున్న కుర్సీ అని శెప్పేది బిడ్డా. టవలు ఉంటదని సుత శెప్పింది. గట్లనే ఏసిన. సక్కగనే ఉన్నదా?"

బాగుంది అమ్మా అన్నాను. టవలు కొత్తది. దాని అంచుకు ఆమె పనిచేసిన షాపు చీటీ ఇంకా అంటుకునే ఉంది.